ఉప్పునీళ్లలో ఆకుపొర

సభకు పెద్దగా కూర్చున్న ప్రిన్సిపాల్ ఆనందబాబు గారికి, ఇన్నేళ్లూ నా కోపాన్ని భరించిన తోటి అధ్యాపకులకు, ఆఫీసు మిత్రులకు, ఇవాళ పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, వెనక వరసల్లో కూర్చుని నేను లేవగానే ఫోన్లు పైకెత్తిన నా పాత పిల్లలకు, ముందు వరసలో ఎన్నడూ లేనంత బుద్ధిగా కూర్చున్న ఇప్పటి బైపీసీ పిల్లలకు, అందరికీ నమస్కారం.

ఇందాకటి నుంచి మీరంతా నన్ను పొగుడుతుంటే, ఎవరబ్బా ఈ ఆదిశేషమ్మ, ఒకసారి చూసి రావాలి అనిపించింది. (నవ్వులు) జువాలజీ గిరిబాబు అయితే, మేడమ్ ఎన్నడూ ఎవరి మీదా గొంతు పెంచి ఎరగరు అన్నాడు. గిరిబాబూ, నువ్వు ఇంటర్ చదివింది నా దగ్గరే నాయనా. వేరు అడ్డుకోత బొమ్మ వేసి కింద కాండం అని రాసినందుకు నీ రికార్డు కిటికీలోంచి బయటపడితే, కింద మేస్తున్న గేదె దాన్ని వాసన చూస్తుంటే, నువ్వు పరిగెత్తుకుంటూ వెళ్లి లాక్కొచ్చావు. మైకు చేతికి దొరికింది కదా అని అబద్ధాలు చెప్పకూడదు. (నవ్వులు)

నేను బోటనీ చెప్పడానికి వచ్చినప్పుడు ఈ కాలేజీలో ఉన్న మైక్రోస్కోపుకి అద్దం పగిలిపోయి ఉంది. నా హ్యాండ్‌బ్యాగులో ఉండే చిన్న అద్దం తీసి లక్కతో అతికించి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టి, ఉల్లిపొర చూపించాను. మొట్టమొదట కన్ను పెట్టిన పిల్ల సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చింది. చూసి చూసి తల ఎత్తకుండానే, "మేడమ్, మా నాయన వల మాదిరుండాది" అనింది. పుస్తకాల్లో కణాలను రకరకాలుగా వర్ణించారు గానీ వల అన్న మాట నాకు ఎక్కడా కనపడలేదు. ఆ రోజు నుంచి కణం పాఠం నేను వలతోనే మొదలుపెట్టాను. వలలోని ప్రతి కన్నులోనూ ఒక కేంద్రకం చిక్కుకుని ఉంటుంది, చూడండర్రా, అని చెప్పేదాన్ని.

కంటికి కనపడని దాన్ని నమ్మించడమే నా ఉద్యోగం. వేరు నీళ్లు పీలుస్తుందంటే నమ్ముతారు, ఆ నీళ్లు కొబ్బరిచెట్టు తలదాకా ఎవరూ తోడకుండా ఎక్కుతాయంటే నమ్మరు. పైన ఆకులు ఆవిరి వదులుతుంటే కింద నుంచి నీటి దారం తెగకుండా పైకి సాగుతుందమ్మా అని చెప్తే, దారం తెగితే ఏమవుతుంది మేడమ్ అని అడుగుతారు. అట్లా అడిగిన పిల్లలంటే నాకు ప్రాణం. దారువు పాఠంలో అయితే ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెయ్యి ఎత్తుతారు. నీళ్లు మోసేవి చచ్చిపోయిన కణాలంటారేంటి మేడమ్, చచ్చిపోయినవి ఎట్లా మోస్తాయి అని. నిజమే మరి. దారునాళం పనిలోకి దిగేది తన లోపలి సరుకంతా పోయాకే. జీవపదార్థం పోతుంది, నడుమ అడ్డుగోడలు కరిగిపోతాయి, గట్టి పక్కగోడలు మిగులుతాయి, ఆ డొల్లలోంచి నీళ్లు పైకి పోతాయి. వయసులో ఉన్నప్పుడు ఈ పాఠం గడగడా అప్పజెప్పేసేదాన్ని. ఈ ఏడు చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాను. మేడమ్‌కి పాఠం మర్చిపోయినట్టుంది అని పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మర్చిపోలేదర్రా.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆనందబాబు గారు గడియారం చూస్తున్నారు. చూడండి సార్, ఇవాళ బెల్లు నా చేతిలో ఉంది. (నవ్వులు)

ఒడ్డు పల్లెల వైపు బస్సు రావడం మానేసిన సంగతి మీ అందరికీ తెలుసు. నా కాపురం కూడా ఆ దారిలోనే. బస్సు పోగానే మగపిల్లలు ఎవరి మోటారు సైకిలో ఎక్కి వచ్చేశారు. ఆడపిల్లలు ఇళ్లలో ఉండిపోయారు. అప్పుడు యాసీన్ ఆటో మాట్లాడుకుని నేను వస్తుంటే, చెంచయ్య రోడ్డు మీద చెయ్యి అడ్డంపెట్టి ఆటో ఆపాడు. చెంచయ్య అంటే మన సెకండియర్ వినీల వాళ్ల నాయన, అదిగో ఆ స్తంభం పక్కన నిలబడ్డాడు. ఆపి, "మేడమ్, మీరు కూర్చోనుంటే మా బిడ్డని కూడా ఎక్కిస్తా. మీరు లేని బండయితే వొద్దు" అన్నాడు. మర్నాడు ఇంకో తండ్రి వచ్చాడు, ఆ మర్నాడు ఇంకొకాయన. యాసీన్ కూతురు అస్మా కూడా ఇంటర్లో చేరి ఆ ఆటోలోనే ఎక్కింది. పిల్లలు ఒళ్లో సంచులు, సంచుల మీద రికార్డులు, నడుమ నేను. పొద్దున రొయ్యల గుంటల మధ్య రోడ్డు మీద గుంతల్లో పడుతూ లేస్తూ వాళ్లు నాకు వేరు భాగాలు అప్పజెప్పేవాళ్లు. యాసీన్ కూడా విని విని నేర్చేశాడు. ఒకరోజు ఎవరో పిల్ల తడబడితే ముందు నుంచి "అంతశ్చర్మం" అని అందించాడు. (నవ్వులు) నవ్వుతారేం, కరెక్టే.

ఆ ఆటోలో వచ్చిన పిల్లలు చేసిన ఒక పిచ్చిపని చెప్పాలి. రియో అనే కుండీ మొక్క ఆకు కింది వైపు ఊదారంగు పొర ఒలిచి ఉప్పునీళ్లలో వేసి చూసే ప్రాక్టికల్ ఉంది. కణంలోపలి నీళ్లు బయటి ఉప్పుకి వెళ్లిపోయి, లోపలి ముద్దంతా గోడను వదిలేసి నడుమకు ముడుచుకుంటుంది. నీళ్లు అట్లా పొర దాటి పోవడమే ద్రవాభిసరణ. ల్యాబులో ఉప్పు అయిపోయింది, రేపు ఎవరైనా కాస్త ఉప్పు తీసుకురండర్రా అన్నాను. ఇంకెక్కడైనా అయితే వంటింట్లోంచి ఉప్పు పొట్లం తెస్తారు. మా వాళ్లు మైపాడు దాకా వెళ్లి సముద్రాన్నే సీసాల్లో పట్టుకొచ్చారు. ఉప్పు కరిగించే పని తగ్గుతుందని అట. మూత సరిగ్గా బిగించలేదు. ఆటో సీటు తడిసింది, నా చీర తడిసింది, యాసీన్ గుడ్డ పిండుకున్నాడు. (నవ్వులు)

అందరూ సముద్రం నీళ్లు తెస్తే వినీల మాత్రం ఇంకో సీసా తెచ్చింది. అడిగితే, మా మడిలో నీళ్లు మేడమ్ అనింది. చెంచయ్య పొలం పక్కన ఎవరిదో ఉప్పునీళ్ల రొయ్యల గుంట. ఆ ఏడు మడి నిండా నీళ్లున్నా నారు వాడిపోతోంది. నీళ్లు చాలటంలేదేమో అని ఈయన ఇంకా ఇంకా మళ్లిస్తున్నాడు, ఆ గుంట పక్క కాలవలోంచే. ఆకుపొర మీద ఆ నీళ్లు వేసి కన్ను పెట్టాను. సముద్రం నీళ్లకి అయినంత వేగంగా కాలేదు గానీ, అయింది. అంచుల్లో కణం గోడను వదలడం మొదలుపెట్టింది. వినీల కూడా కన్ను పెట్టి చూసింది. సాయంత్రం వాళ్ల నాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. చెంచయ్య చాలాసేపు మూసుకోవాల్సిన కన్ను తెరిచి, తెరవాల్సిన కన్ను మూసి, ఏమీ కనపడటంలేదే అన్నాడు. (నవ్వులు) కనపడ్డాక నవ్వలేదు. "అట్టయితే నేనే చంపుకుంటా ఉండా మేడమ్ నారుని" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, బిడ్డ ఎంతవరకు చదువుతానంటే అంతవరకు చదివిస్తా అని నాకు మాటిచ్చాడు. చెంచయ్యా, తల దించుకోకు. నిన్ను తిట్టడానికి చెప్పలేదు.

పోయిన శనివారం సాయంత్రం ఆటో దిగుతుంటే యాసీన్ నన్ను ఆపాడు. పిల్లలందరూ దిగిపోయారు. "మేడమ్, ఈ నెలతో మీరు రిటైరయిపోతారు. ఆ తర్వాత నేను ఆడబిడ్డల్ని తోలను. అందరి నాయన్లకీ చెప్పేసినా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నవంబరులో మాన్పిస్తే మార్చిలో పరీక్షలు ఎవరు రాస్తారు, నీ కూతురు సంగతేంటి అని రోడ్డు మీదే అరిచాను. అతను అరవలేదు. "మీరు కూర్చున్న బండిని ఎవురూ కన్నెత్తి చూడలే మేడమ్. మీరు లేకుండా వయసొచ్చిన బిడ్డల్ని ఎక్కించుకోని పోతే, ఒక్కడు నోరు జారితే చాలు. ఆ బిడ్డల బతుకు పోతాది, నా బతుకూ పోతాది. అందుకే అస్మాని కూడా ఇంట్లోనే ఉండమన్నా. నాకు భయం మేడమ్, ఇంకేం లేదు" అన్నాడు. యాసీన్ చెడ్డవాడైతే నాకు పని సులువయ్యేది. చెడ్డవాణ్ని తిట్టి ఒప్పించొచ్చు. మంచివాడు భయపడితే ఏం చెయ్యను?

అస్మా సోమవారం నుంచి కాలేజీకి రాలేదు. ఎట్లాగూ మానాల్సిందే కదా అని మిగతావాళ్లు కూడా మానేశారు. ఈ వారమంతా నేను ఒక్కదాన్నే ఆ ఆటోలో వచ్చాను. మీకు తెలియదు, ఖాళీ ఆటో గుంతల్లో ఎంత మోత చేస్తుందో. క్లాసులో మగపిల్లలు, ఎడంవైపు బెంచీలు ఖాళీ. హాజరు పిలుస్తుంటే వినీల అని పిలిచి ఆగాను. ఏడ్చాను కూడా. మగపిల్లలు పాపం ఎటు చూడాలో తెలియక పుస్తకాల్లో తలలు పెట్టారు.

మీలో చాలామంది ఈ వారం నాకో సలహా ఇచ్చారు. ఏముంది మేడమ్, మీరు రిటైరైనా ఇంట్లో ఊరికే కూర్చోవడమే కదా, రోజూ ఆటో ఎక్కి పిల్లల్ని దించి వెళ్లండి అని. నేను సరేననీ అనలేదు, కుదరదనీ అనలేదు. ఇప్పుడు చెప్తాను. ఈ శాలువా కాస్త పట్టుకో గిరిబాబూ.

(శాలువా తీసి ఇస్తారు.)

ఈ చేతి కట్టు చూసి అడిగినవాళ్లందరికీ బాత్రూములో జారిపడ్డానని చెప్పాను. జారిపడలేదు. నా కిడ్నీలు పని మానేశాయి. ఇన్నాళ్లూ మందులతో నెట్టుకొచ్చాను. డయాలసిస్‌కి వీలుగా ఈ చేతిలో రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేశారు, వచ్చే వారం నుంచి నెల్లూరులో రోజు మార్చి రోజు డయాలసిస్. ఇక నేను అక్కడే మా చెల్లెలి ఇంట్లో ఉండాలి. ఈ ఆదివారం సామాను వెళ్లిపోతోంది. ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు ఆ యంత్రం ఫిల్టరు చూపించి, అమ్మా, ఇందులో సన్నటి పొరలుంటాయి, ఒక పక్క మీ రక్తం, ఇంకో పక్క మందునీళ్లు, మలినాలు పొర దాటి అవతలికి పోతాయి, రక్తకణాలు దాటవు, అని నిదానంగా అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్తున్నాడు. ఆగు నాయనా, అర్ధపారగమ్య త్వచం, వ్యాపనం, ఈ పాఠం నాకు వచ్చు అన్నాను. అతను నవ్వాడు, నేనూ నవ్వాను. బయటకు వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. ఇన్ని వందల మంది పిల్లలకు చెప్పిన పాఠం నా ఒంటి మీదికే వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. చావంటే భయం వేసింది. ఇంకా వేస్తోంది.

ఆ ఆస్పత్రికి నన్ను తీసుకెళ్లి తీసుకొచ్చింది యాసీనే. ఎవరికీ చెప్పొద్దన్నాను, భార్యకు కూడా చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా గుంతలు తప్పించి తప్పించి తోలాడు. నా తమ్ముడైనా అంతకంటే జాగ్రత్తగా తీసుకురాడు. నేను ఇక ఆ ఆటోలో ఎక్కలేనని అందరికంటే ముందు తెలిసింది అతనికే. అతని భయం అప్పుడే మొదలైంది.

ఇంకో మాట కూడా ఉంది, సభలో చెప్పొచ్చో లేదో తెలియదు. పోషక కణజాలంలో చాలనీ నాళం అని ఉంటుంది. ఆకులో తయారైన తిండిని చెట్టంతా మోసేది అదే. బతికే ఉంటుంది, కానీ దానికి కేంద్రకం ఉండదు. పక్కనే అంటుకుని సహకణం ఉంటుంది, దాన్ని పట్టుకునే ఇది బతుకుతుంది. మా ఆయన చనిపోయిన ఏడాది నేను ఇంట్లో పొయ్యి వెలిగించని రోజులున్నాయి. పొద్దున్నే గుమ్మం ముందు ఆటో హారన్ కొట్టి, "మేడమ్, ఇంకా కాలేదా" అని ఈ పిల్లలు గోల చేస్తే, వాళ్ల కోసం తల దువ్వుకుని బయటకు వచ్చేదాన్ని. ఊళ్లో అందరూ నేను ఆ పిల్లల్ని కాలేజీకి తీసుకెళ్తున్నానని అనుకున్నారు. కాదు. వాళ్లే నన్ను తీసుకెళ్లారు.

ఉప్పునీళ్లలో ముడుచుకున్న ఆకుపొరని మళ్లీ మంచినీళ్లలో వేస్తే కోలుకుంటుంది. కళ్లెదుటే మెల్లగా ఉబ్బి గోడలకు ఆనుకుంటుంది. అది చూసి పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ ఆలస్యం చేస్తే, ఉప్పులో అట్లాగే వదిలేస్తే, ఆ తర్వాత ఎన్ని మంచినీళ్లు పోసినా లేవదు. ఎంతసేపట్లో వేస్తే కోలుకుంటుంది మేడమ్ అని అడుగుతారు. ముందుగా ఎవరూ చెప్పలేరమ్మా, తొందరపడటమే మన చేతిలో ఉండేది అని చెప్తాను. తండ్రులారా, మీకు కూడా అదే చెప్తున్నాను. వచ్చే ఏడు చూద్దాం అనకండి. వచ్చే ఏటికి ఈ పిల్లలు పుస్తకం పట్టుకోవడం మర్చిపోతారు, మీరు మాటిచ్చిన సంగతి మర్చిపోతారు.

నాకు ఈ సన్మానం చేసిన కమిటీకి, వంటలు చేయించిన ఆనందబాబు గారికి, ఇంతసేపు ఓపిక పట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు. మీ మంచితనం నేను నెల్లూరు తీసుకెళ్తాను. ఇక ఒక్క పని మిగిలింది. మనకో పద్ధతి ఉంది కదా, రిటైరైన మాస్టారిని పూలు కట్టిన బండి ఎక్కించి, డప్పులతో ఊరంతా తిప్పి ఇంటి దగ్గర దించడం. బయట యాసీన్ ఆటోకి బంతిపూలు కట్టి ఉంచారు. డప్పుల వాళ్లు టీలు తాగి రెడీగా ఉన్నారు. నేను ఆ ఆటో ఎక్కను.

ఆనందబాబు గారూ, కంగారు పడకండి, ఊరేగింపు ఆగదు. ఆ ఆటోలో, ఇవాళ నా కోసం నాయన్ల బండ్ల మీద వచ్చిన ఈ ఆడపిల్లలు ఎక్కుతారు. ముందు డప్పులు నడుస్తాయి. రోడ్డు పొడుగునా జనం, మేడమ్ ఏదీ, మేడమ్ ఏదీ అని లోపలికి తొంగి చూస్తారు. చూడనివ్వండి. మేడమ్ లేదు, పిల్లలున్నారు, యాసీన్ తోలుతున్నాడు. ఊరు ఊరంతా పట్టపగలు డప్పుల మధ్య ఒక్కసారి చూసేశాక, సోమవారం కొత్తగా చూసి చెవులు కొరుక్కోవడానికి ఏమీ మిగలదు. తండ్రులు మీ బండ్ల మీద వెనకాలే వెళ్లండి. నాకు చేసే మర్యాద ఇదే. వేరే మర్యాద నాకు వద్దు.

లేవండి మరి.

(తండ్రులు వెనక గోడ దగ్గరున్న యాసీన్ వైపు చూస్తారు.)

ఎవరూ లేవట్లేదు. సరే. నేను నిలబడే ఉంటాను. క్లాసులో జవాబు వచ్చేదాకా నిలబడటం నాకు అలవాటే.

(వినీల ఏడుస్తూ లేస్తుంది.)

అమ్మే వినీలా, కూర్చో, ఏడవకు. మీ నాయన్ని ఆలోచించుకోనీ.

ఎవరది, తలుపు దగ్గర? అస్మా! ఎప్పుడొచ్చావే తల్లీ, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డావేం? మీ నాయన వైపు చూడకమ్మే. నడు. వెళ్లి ఆటోలో కూర్చో. వెళ్లింది చూడండి.

చెంచయ్యా... లే. లేచావు కదా, సంతోషం. నీ బిడ్డ చెయ్యి పట్టుకుని వెళ్లు. మీరూ లేవండి, మీరూ.

(కుర్చీల చప్పుడు. "మీరు రారా మేడమ్?" అని యాసీన్ అడుగుతాడు.)

రాను యాసీన్. ఇంక రాను. నీ బిడ్డ బండిలో ఉంది, వెళ్లి తాళం తిప్పు. నేను గేటు దాకా వచ్చి ఈ మంచి చెయ్యి ఊపుతాను.

సెలవు.